గంపలు కట్టిన పడవ

విశాఖపట్నం, 12-5-84

పెదనాన్నగారికి రత్నబాబు నమస్కారాలు.

మా షావుకారుగారి తెరచాప పడవకు ఇప్పుడు నేనే దిక్కు. ఇన్నాళ్ళూ నడిపిన ఆంజనేయులు, దాన్ని వెనక్కి తీస్తూ పక్క పడవకు గీత పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇరవయ్యారున, శనివారంనాడు, షావుకారుగారు అతిథులతో షికారు పెట్టుకున్నారు. రేవులో మా పడవ రెండు ఖరీదైన పడవల మధ్య ఇరుక్కుని ఉంది. ఇటు మూరెడు, అటు మూరెడు సందు. ముందు గోడ. వెనక్కే తీయాలి. ముందుకు నడపడం నాకొచ్చు. వెనక్కి వస్తుంటే మాత్రం దాని ముక్కు గాలికి ఎటు పడితే అటు తిరుగుతుంది. గీత పడితే నేనూ ఇంటికే. తోట సందుల్లోంచి బండి వెనక్కి తీసిన చెయ్యి మీది. ఉపాయం రాయండి.

మీ రత్నబాబు

తా.క. నాకు ఈత రాదన్న సంగతి పెద్దమ్మకు చెప్పకండి.

ఆగిరిపల్లి, 16-5-84

చిరంజీవి రత్నబాబుకు పెదనాన్న బసవపున్నారావు దీవెనలు.

నేను సముద్రం చూసింది ఒక్కసారే, బందరులో. అప్పుడూ చెప్పులు పోయాయి. ఆ కథ తర్వాత. బండి వెనక్కి తీయాలంటే ఎడ్లను నమ్మకూడదు. వెనక్కి నడవమంటే ఎద్దు మన మొహం చూస్తుంది. అందుకని విప్పేసి మనుషులమే లాగుతాం. నీ పడవను లాగేది గాలే గదా? తెరచాప దించెయ్. గట్టుమీద నలుగురిచేత మోకులు పట్టించి మెల్లగా లాగించు. ఎవడైనా "కుడికి, ఎడమకి" అని అరిస్తే ముందు వాడి నోరు కట్టు. సందులో బండ్లు విరిగేది అరుపులవల్లే.

బస్సులో రెండు గంపల చిన్న రసాలు వేశాను, చుట్టూ గడ్డి కూరి. ఇరుపక్కలా చెరొకటి. మనవైపు పద్ధతి నీకు తెలియందేముంది!

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క. పెద్దమ్మకు చెప్పలేదు. నీ ఉత్తరం పైకి చదివాను, అంతే.

విశాఖపట్నం, 19-5-84

పెదనాన్నగారికి నమస్కారాలు.

గంపలు అందాయి. మీ బుర్రే బుర్ర! ఇక్కడ పడవలకు రాపిడి తగలకుండా రబ్బరు తిత్తులు వేలాడదీస్తారు. గడ్డి కూరిన గంపముందు అవేపాటి? ఇటొకటి అటొకటి తాళ్ళతో కట్టేశాను. షావుకారుగారు "ఏంటయ్యా ఇవి?" అన్నారు. "నూజివీడు పద్ధతండీ" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయారు.

మీ రత్నబాబు

తా.క. చీమలు మాత్రం అప్పుడే పడవెక్కాయి.

ఆగిరిపల్లి, 22-5-84

ఒరే అబ్బాయ్!

ఆ గంపలు పక్క పడవలవాళ్ళకు ఇమ్మన్నానురా! కాయల బండి సందులోంచి తీసేముందు ఇరుపక్కల తోటలవాళ్ళకూ చెరో గంప ముట్టజెప్పమూ? ఆ తర్వాత కంచె విరిగినా "పోన్లెండి" అంటారు. నేను పంపినప్పుడు అవి దోరవి. శనివారానికి వేలు తగిలితే పగులుతాయి. తెల్ల పడవల మధ్య! నీ ఉద్యోగం రసంలో కొట్టుకుపోతుంది. ఇది అందగానే విప్పెయ్. నాకు నిద్రలేదు. మీ పెద్దమ్మకు అసలే లేదు.

కంగారుతో,
పెదనాన్న

తా.క. గంప నీళ్ళలో తేలుతుందా అని ఆవిడ అడుగుతోంది. తేలితే ఒకటి వదలకుండా పట్టుకోవాలిట.

విశాఖపట్నం, సముద్రంలోంచి, 26-5-84

పెదనాన్నగారికి,

మీ ఉత్తరం చేతికొచ్చేసరికి అతిథులు పడవెక్కి కూర్చున్నారు. తెరచాప దించే ఉంది. గట్టుమీద నలుగురూ మోకులు లాగుతున్నారు. ఎవరూ నోరెత్తలేదు. సగం బయటికొచ్చాం. అంతలో పక్కగాలి కొట్టింది. ముక్కు కుడిపక్క పడవమీదికి తిరిగింది. చుక్కాని ఎటు తిప్పినా మాట వినలేదు. కళ్ళు మూసుకున్నాను. ఫచక్కుమంది.

తెరిచి చూస్తే తెల్లటి పడవమీద పచ్చటి ధార. దాని యజమాని పరుగెత్తుకొచ్చాడు. గుడ్డతో తుడిచాడు, వేలితో తడిమాడు. గీత లేదు. వేలు నాకాడు. "పోన్లెండి" అన్నాడు!

షావుకారుగారు వీపు తట్టి ఉద్యోగం ఖాయమన్నారు. తెరచాప ఎత్తి ఇంతదూరం వచ్చాం. అతిథులు రెండో గంప తింటున్నారు.

ఒక్కటే చిక్కు. ఇంతకాలం షికారు అయ్యాక పడవను మళ్ళీ ఆ సందులో పెట్టింది ఆంజనేయులు. ముందుకు నడపడం వచ్చుగానీ, మూరెడు సందులో దూర్చి గోడకు తగలకుండా ఆపడం నాకు రాదు. మీరూ రాయలేదు. వేటనుంచి ఒడ్డుకు పోతున్న జాలరి పరదేశి చేతికి ఈ ఉత్తరం అందిస్తున్నాను, పోస్టులో వేస్తాడు. తిరుగు టపాలో జవాబు రాయండి.

మీ రత్నబాబు

తా.క. ఒడ్డుకు పోదామా అన్నప్పుడల్లా అతిథులకు కొండ చూపిస్తున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు చూశారు. కాస్త తొందరగా రాయండి.