ఇరవైమూడో నంబరు గొంతు

జూలై 3, సోమవారం

కొత్త పిల్లలు దిగారు. ఫిజిక్స్ ల్యాబు ఎక్కడ అని అడిగిన ముగ్గురిని మూడో అంతస్తుకి పంపాను. కాలేజీకి ఉన్నవి రెండే అంతస్తులు. ఇద్దరు తిరిగొచ్చి నన్ను చూసి నవ్వారు. మూడోవాడు డాబా మెట్ల చివర తాళం వేసిన తలుపు ముందు నిలబడి బెల్లు కోసం వెతుకుతున్నాడట.

ఇరవైరెండేళ్ళుగా ఇక్కడ అటెండర్‌ని. గంట కొట్టేది నేను, రిజిస్టర్లు మోసేది నేను, చాక్‌పీసులు పంచేది నేను. మెట్ల కింద గది నాది. ఎవరు పిలిచినా అందులోంచే అరుస్తాను, వస్తున్నా, కాళ్ళకి చక్రాల్లేవు అని. ప్రిన్సిపాల్ పిలిచినా అదే మాట. ఈ డైరీ కూడా పాత హాజరు పట్టీయే. వెనక పేజీలు ఖాళీగా మిగిలాయి, వదులుతానా.

అసలు సంగతి రాయలేదు. మా చెల్లెలి కూతురు ఇక్కడే చేరింది. మా ఇంట్లోనే ఉంటుంది. పొద్దున నా వెనకాలే నడిచొచ్చి, గేటు దగ్గర ఆగి, పెద్దమ్మా, లోపల నేను నీకు తెలీనట్టే ఉండవా అంది. ఆ మాట కూడా నాతో కాదు, తన చెప్పులతో అంది.

జూలై 4, మంగళవారం

ఇవాళ పిల్ల మాట్లాడిన మాటలు మూడు. ఊఁ. ఊఁహూఁ. చాలు.

జూలై 19, బుధవారం

ఫిజిక్స్ సారు రిజిస్టరు బీరువాలో పెడుతూ తెరిచాను. తెరవకూడదు. తెరిచాను.

ఇరవైమూడో నంబరు మా పిల్లది. దాని ఎదురుగా వరసగా ఆబ్సెంట్లు. పన్నెండు క్లాసుల్లో తొమ్మిది! రోజూ నా కళ్ళతో చూస్తున్నాను, రెండో బెంచీలో గోడవైపు, బ్యాగు పక్కన పెట్టుకుని బొమ్మలా కూర్చుని ఉంటుంది.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ అడిగాను. దుప్పటి అవతలి కొస పట్టుకుని, మొహం దుప్పటి చాటున పెట్టుకుని చెప్పింది. నంబరు పిలుస్తారు పెద్దమ్మా, నోరు తెరుస్తాను, గొంతు రాదు, ఈలోగా ఇరవైనాలుగు అయిపోతుంది, ఆ ఇరవైనాలుగో అబ్బాయి రైలు వెళ్ళిపోతున్నట్టు అరుస్తాడు అంది.

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

జూలై 20, గురువారం

ఫిజిక్స్ సారుని అడిగాను. ఆయనకి నేను పెట్టిన పేరు చాక్‌పీసు. సన్నగా, తెల్లగా ఉంటాడు, వంగడు. హాజరు పిలిచేటప్పుడు తలెత్తి చూడడు. పిల్ల క్లాసులోనే ఉంటోంది కదా సార్, ఒక్కసారి కళ్ళెత్తి చూస్తే ఏం అరిగిపోతుంది అన్నాను. నా క్లాసులో బెంచీకి హాజరు ఉండదమ్మా, నోటికే ఉంటుంది అన్నాడు. డెబ్బైఐదు శాతం లేనివాళ్ళ లిస్టు సెప్టెంబరు చివర బోర్డుకెక్కుతుంది, అందులో ఉన్నవాళ్ళకి పరీక్ష లేదు, అప్పుడొచ్చి నా ముందు ముక్కు చీదొద్దు అని కూడా అన్నాడు.

ఇప్పటినుంచి రోజూ పలికితేనే పిల్ల ఆ డెబ్బైఐదు అందుకుంటుంది.

రిజిస్టరు నా చేతిలోనే ఉంది. పెన్నూ ఉంది. ఒక గీత మార్చడానికి ఎంతసేపు? మార్చలేదు. నాది చిలిపితనం. అది దొంగతనం.

జూలై 23, ఆదివారం

రాయకూడదనుకున్నది రాస్తున్నాను.

పదోక్లాసు ఒకసారి తప్పాను. అందుకని నేనూ చెల్లీ ఒకే ఏడు, ఒకే క్లాసు. ఇదే కాలేజీ. ఇదే గది. అప్పుడు గోడలు ఆకుపచ్చ రంగు, ఇంకా తడి ఆరని పెయింటు వాసన. ఇద్దరికీ కలిపి ఒక్క గొడుగు. వానలో నా ఎడమ భుజం, దాని కుడి భుజం తడిసేవి. దారంతా నేను లెక్చరర్ల గొంతులు పలికిస్తుంటే అది నవ్వలేక కడుపు పట్టుకుని రోడ్డు మీదే కూలబడేది. నా దగ్గర ఎంత వాగుడో! క్లాసు గుమ్మం దాటితే మాత్రం నోటికి తాళం.

నాది ఆఖరి బెంచీ. నాకు ఆరు గొంతులు వచ్చు. సినిమాకి పోయినదానికి ప్రాక్సీ, జ్వరం వచ్చినదానికి ప్రాక్సీ, ఊరికే నిద్రపోయినదానికీ ప్రాక్సీ. ముందు బెంచీలో కూర్చుని నోరు పెగలని నా చెల్లికి మాత్రం ఒక్కసారి ఇవ్వలేదు. పైగా ఒకరోజు దాని నంబరు పిలిస్తే, అది లేచి నిలబడి పెదవులు కదుపుతుంటే, వెనకనుంచి నేను మ్యావ్ అన్నాను.

క్లాసంతా బెంచీలు బాది నవ్వింది. నేను వీరనారిలా తలెగరేశాను.

ఆ తర్వాత చెల్లి లేవడం మానేసింది. హాజరు చాల్లేదని పరీక్షకి రానివ్వలేదు. నాన్న ఇద్దర్నీ మానిపించాడు. నేను ఎలాగూ తప్పేదాన్నే. అది ఫస్టు వచ్చేది.

జూలై 25, మంగళవారం

హాజరు వేళకి వెనక కిటికీ తుడుస్తూ నిలబడ్డాను. ఇరవైమూడు అన్నాడు. పదిహేడేళ్ళ గొంతు తీసి ప్రెజెంట్ సార్ అన్నాను. టిక్కు పడింది. ఇరవైఎనిమిదేళ్ళ తుప్పు ఒక్క మాటతో వదిలింది.

జూలై 28, శుక్రవారం

నాలుగు రోజులు, నాలుగు టిక్కులు. వచ్చి ఎదురుగా కూర్చున్న మనిషికి ప్రాక్సీ ఇచ్చినదాన్ని భూమ్మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. కిటికీ ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేదు.

జూలై 29, శనివారం

పిల్ల అన్నం ముట్టలేదు. కంచం అలా జరిపేసి మాట్లాడింది. ఇన్ని మాటలు దాని దగ్గర ఉన్నాయని నాకు తెలియదు.

నీ మాట కిటికీలోంచి వస్తోందేంటి అని పక్కమ్మాయి అడిగిందట. అది పోనీ పెద్దమ్మా, ఇవాళ నాకు సగం మాట వచ్చింది తెలుసా అంది. ప్రె వరకు వచ్చిందట. నీ గొంతు వచ్చి దాని మీద కూర్చుంది అంది. అమ్మ నాకు అంతా చెప్పింది, అమ్మ దగ్గర పిల్లివయ్యావు, నా దగ్గర చిలకవయ్యావు, ఇంక చాలు పెద్దమ్మా అంది.

మా ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూసి పెరట్లోకి పోయాడు. నేను ఆ కంచం మీద మూత పెట్టాను.

జూలై 30, ఆదివారం

చెల్లికి ఫోను చేశాను. బట్టలు కుడుతోంది, మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆ మ్యావ్ గుర్తుందా అన్నాను. మిషను ఆగింది. క్షమించమని అడగడానికే చేశాను, తీరా నోరు తెరిస్తే జోకు వచ్చింది, ఆ పిల్లి ఇప్పుడు ముసలిదైపోయిందే అన్నాను.

అది నవ్వలేదు. మ్యావ్‌ది ఏముందక్కా, నువ్వు కాకపోతే ఇంకెవరో అనేవాళ్ళు అంది. మర్నాడు నువ్వొచ్చి నా పక్కన కూర్చుంటావనుకున్నాను, వారం రోజులు బ్యాగు జరిపి చోటు ఉంచాను అంది.

మళ్ళీ మిషను మొదలైంది. ఫోను ఎవరు ముందు పెట్టారో తెలియదు.

జూలై 31, సోమవారం

కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. ఇరవైమూడు ఆబ్సెంట్.

ఆగస్టు 1, మంగళవారం

స్క్రూడ్రైవరు పట్టుకుని క్లాసులోకి పోయాను. రెండో బెంచీ ముందు ఆగాను. పిల్ల నన్ను చూసింది. కిటికీ వైపు చూసింది. తర్వాత బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని చోటు ఇచ్చింది.

కూర్చున్నాను. పిల్లలు కిసుక్కుమన్నారు. అడ్మిషన్ ఎప్పుడమ్మా అన్నాడు చాక్‌పీసు. బెంచీ కాలు ఊగుతోంది సార్, బరువు పెట్టి చూస్తున్నా అన్నాను. సరే, బరువుకి లోటు లేదు అన్నాడు. ఆయనకి జోకు వెయ్యడం వచ్చని ఇన్నేళ్ళకి తెలిసింది.

ఇరవైమూడు.

నాలుక కొనదాకా ఆరు గొంతులూ వచ్చి నిలబడ్డాయి. స్క్రూడ్రైవరు పిడి పళ్ళ మధ్య పెట్టి కొరికాను. పక్కన ఊపిరి వినిపిస్తోంది. పిల్ల మోకాలు నా మోకాలికి ఆనింది. అచ్చం గొడుగు కింద చెల్లి భుజం ఆనినట్టే.

ఇరవైనాలుగోవాడు అరవడానికి గుండెల నిండా గాలి పీల్చాడు. వెనక్కి తిరిగి వాడివైపు ఒక చూపు చూశాను. వాడు గాలి మింగేశాడు.

ప్రెజెంట్ సార్.

చిన్నది. ఈగ రెక్కంత. వినపడలేదు అన్నాడు చాక్‌పీసు. మళ్ళీ అంది. ఈసారి ఆయన తలెత్తి చూశాడు.

గంట ఏడు నిమిషాలు ఆలస్యంగా కొట్టాను. ఎవడూ అడగలేదు.

సెప్టెంబరు 29, శుక్రవారం

లిస్టు నేనే బోర్డుకి గుచ్చాను. ఇరవైమూడు లేదు.

చాక్‌పీసుల పెట్టెతో ఫిజిక్స్ క్లాసు గుమ్మం దాకా వచ్చాను. లోపలినుంచి సారు నన్ను కేకేశాడు. నేను నోరు తెరిచేలోపు రెండో బెంచీలోంచి నా గొంతు వినిపించింది. అచ్చు నాదే, ఆ గరగరతో సహా. వస్తున్నా, కాళ్ళకి చక్రాల్లేవు!

బెంచీలు బాది నవ్వారు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. నా హాజరు అప్పటికే పడింది కదా.