తెర మీద అవ్వ

నంద్యాల, 13-8-79

నాయనకు ఎస్తేరు వందనాలు. దగ్గు తగ్గింది, దిగులుపడవద్దు.

నిన్న ఇక్కడి చర్చి కట్టేటప్పుడు తీసిన పాత ఫిల్ము వేశారు. తెర మీద పాదిరి దొరగారు ప్రార్థనకు చేతులెత్తగానే, చూసేవాళ్లంతా కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అప్పుడే కనబడింది మన అవ్వ! ఎడమచేత్తో పట్టుకున్న సున్నం గంప నెత్తిన, కుడి చంకలో చంటిబిడ్డగా నువ్వు. ఫిల్ము అయ్యాక అందరికీ చెబితే ఒక్కరూ నమ్మలేదు. పైగా సంఘపెద్ద సంజీవయ్య, "ఏమ్మే, ప్రార్థన జరుగుతాంటే కండ్లు తెరుసుకోని యాడ చూస్తాంటివి?" అని కసిరాడు.

వచ్చే ఆదివారం మళ్లీ వేస్తారు. అవ్వను ఆళ్లగడ్డలో పొద్దుటి బస్సు ఎక్కించి నువ్వూ రా. అమ్మ మోకాలినొప్పి ఎలా ఉంది? నా దుప్పటి తీసుకురా.

అవ్వకు ఇప్పటినుంచే చెప్పిపెట్టు, తెర మీది ప్రార్థనకు కళ్లు మూసుకోవద్దని. దేవుడికి నేను సర్దిచెబుతాను.

నీ కూతురు
ఎస్తేరు