బదులు మనిషి వచ్చేదాకా

అల్ హిలాల్, దోహా
అక్టోబరు 9

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్లో మొదలుపెడితే పోట్లాటతోనే ఆగుతోంది, పక్కన మన అమ్ము వింటోంది. ముఖ్యమైన మాటలు ఇకమీదట ఉత్తరాల్లోనే అని మీరన్నది సబబే అనిపించి ఇది మెయిల్లో రాస్తున్నాను. చదివి గిన్నెలు విసరకండి. ప్రారంభోత్సవం మళ్ళీ వాయిదా పడింది.

ఈసారి కారణం మంచు. అల్ రయ్యాన్‌లో మేం తయారుచేస్తున్న ప్రదర్శనశాలలో ఒక పెద్ద గదంతా కెనడా ఉత్తరాన ఒకప్పుడున్న జంతుచర్మాల వర్తక స్థావరం. దుంగల ఇల్లు, తూకం బల్ల, కంబళ్ళు, ఇత్తడి కెటిళ్ళు, గోడ నిండా తోళ్ళు, బయట వాకిట్లో యంత్రం కురిపించే మంచు. ఆ మంచు కరిగి నేల జారుతోందని తనిఖీకి వచ్చినవాళ్ళు సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు. మా మేనేజరు "బుక్రా, బుక్రా" అంటున్నాడు. ఆయన రేపు అన్నది ఏ రేపో ఆయనకే తెలియాలి.

దుంగల ఇల్లు కడుతున్న వడ్రంగి రాజనర్సు, జగిత్యాల మనిషి, నిన్న నన్నడిగాడు: "మేడం, గీ ఫర్ ట్రేడింగ్ కంపెనీకి కఫీల్ ఎవలు?" కఫీల్ అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న యజమాని. ఇక్కడ ప్రతి కంపెనీ పేరులోనూ ట్రేడింగ్ ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. కాదయ్యా, ఇది రెండొందల ఏళ్ళ కిందటి కొట్టు, ఫర్ అంటే బొచ్చు, బొచ్చు వ్యాపారం అన్నాను. పనివాళ్ళంతా పడీపడీ నవ్వారు. "గంత దూరం పోయి సంపాయించింది బొచ్చేనా మేడం? మేం గూడ గదే సంపాయిస్తున్నం!" నాకూ నవ్వొచ్చింది. గదికి వచ్చాక ఏడుపొచ్చింది.

నా ఒప్పందం ప్రారంభోత్సవం దాకా. మధ్యలో వదిలేస్తే ఇన్నేళ్ళ పనికీ అనుభవపత్రం ఇవ్వరట. నేను ఇంటికెళ్ళాలి అంటే మేనేజరు ఒకటే మాట: బదులు మనిషి రాగానే వెళ్ళు. అమ్ముకి ఈ సంగతి మీరే చెప్పండి, నాకు ధైర్యం లేదు.

మీ శకుంతల

కాకినాడ
అక్టోబరు 13

శకుంతలకు,

ప్రియమైన అని రాయబోతే చెయ్యి రాలేదు. వేసవికి వస్తానన్నావు, దసరాకి అన్నావు. ఇప్పుడేమో మంచు కరిగిందంటున్నావు. ఎడారిలో మంచు కరిగి మా ఆవిడ రాలేకపోయింది అంటే వినేవాడు నా ముఖాన నవ్వడా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. రావాలని లేకపోతే సూటిగా చెప్పు.

అమ్ముకి జడ నేనే వేస్తున్నాను. మొదట్లో కొబ్బరితాడులా ఉందని ఏడ్చేది, ఇప్పుడు ఏడవడం మానేసింది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. పదో తరగతి పిల్ల, లెక్కల పుస్తకం తెరిస్తే "అమ్మ వచ్చాక" అని మూసేస్తుంది. మొన్న జ్వరంలో నిన్నే కలవరించింది.

ఆ బదులు మనిషి ఎలాంటివాడు కావాలట? నిజంగా వెతుకుతున్నారా, వెతుకుతున్నట్టు నటిస్తున్నారా?

కామేశ్వరరావు

అల్ హిలాల్
అక్టోబరు 16

ప్రియమైన మీకు (మీరు రాయకపోయినా నేను రాస్తాను),

రావాలని లేదా అని అడగడానికి మీకు నోరెలా వచ్చింది? జ్వరం సంగతి చదివి డ్యూటీకి వెళ్ళి ఒక్క అక్షరం రాయలేకపోయాను.

చరిత్రలో పీజీ చేసుండాలి, ఇంగ్లీషు ధాటిగా రావాలి, స్థావరం కథ పిల్లలకి కూడా అర్థమయ్యేలా చెప్పాలి. అదీ వాళ్ళకు కావలసిన మనిషి. ఇప్పటికి ఇద్దరిని చూశారు. ఒకావిడకి తోళ్ళ వాసన పడదట. అవి నైలానువమ్మా అన్నా వినలేదు. ఇంకొకాయన బీవర్ అంటే పక్షి అన్నాడు. అది నీళ్ళలో బతికే జంతువు, మన నీరుకుక్క లాంటిది. దాని కోసమే ఆ స్థావరం పుట్టిందని ఆయనకి ఎవరు చెబుతారు?

ఆ స్థావరానికి పెద్దగా ఉన్న మర్రే దొర కథ ఈ వారమే గోడమీది పలకలకి రాశాను. అక్కడికి ఏడాదికి ఒక్కటే ఓడ. వేసవిలో వచ్చి సరుకు దించి, తోళ్ళు ఎక్కించుకుని పోతుంది. దాంట్లో ఆయన లండన్‌కి ఉత్తరం పంపేవాడు, నన్ను ఇంటికి రానివ్వండి అని. మరుసటేడు ఓడలో జవాబు: బదులు మనిషి దొరికేదాకా ఉండండి. ఏళ్ళ తరబడి అదే ఉత్తరం, అదే జవాబు. ఈలోగా లండన్ దొరల మోజు బీవర్ టోపీ మీంచి పట్టు టోపీ మీదికి మళ్ళింది. తోళ్ళు కొనేవాడు లేడు. ఆఖరికి బదులు మనిషి దిగాడు, స్థావరానికి తాళం వేసే కబురుతో. ఆ పలక అచ్చుకి పంపి బల్లమీద తల పెట్టుకున్నాను. దొర మీద జాలి కాదు, నా మీదే.

గదిలో నాతో ఉండే నూరైన్, "మియా గుస్సా కర్ రహే హై, మత్‌లబ్ యాద్ కర్ రహే హై" అంటుంది, మొగుడు కోప్పడుతున్నాడంటే తలుచుకుంటున్నాడని అర్థమట. ఆవిడ మంచిది కాబట్టి అలా అనుకుంటుంది.

మీ శకుంతల

కాకినాడ
అక్టోబరు 25

ప్రియమైన శకూ,

ఉత్తరం అందింది. కొన్ని సందేహాలు. కొత్త తోలుకంటే వాడిన తోలుకే ధర ఎక్కువని ఒకసారి ఫోన్లో అన్నావు, ఎందుకని? నాణేలు లేనిచోట బేరం ఎలా ఆడేవారు? అక్కడి స్థానికులు లేకపోతే ఈ దొరలు ఒక్క చలికాలమైనా బతికేవారా? చూడటానికి వచ్చే పిల్లలకి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలనుకున్నావు? వివరంగా రాయి, త్వరగా రాయి.

అమ్ము బాగుంది.

కామేశ్వరరావు

అల్ హిలాల్
నవంబరు 2

శ్రీవారికి,

ఇది పెళ్ళానికి రాసిన ఉత్తరమా, ప్రశ్నపత్రమా? నేనిక్కడ కుమిలిపోతుంటే మీరు నిమ్మకు నీరెత్తినట్టు తోళ్ళ బేరాల గురించి అడుగుతారా? అమ్ము గురించి రెండే రెండు మాటలు. మధ్యాహ్నం ఎప్పుడు ఫోన్ చేసినా ఇంట్లోనే ఉంటున్నారు, కాలేజీలో మీ క్లాసులు లేవా అంటే మాట మారుస్తారు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

అయినా అడిగారు కాబట్టి పళ్ళు కొరుక్కుంటూ చెబుతున్నాను. స్థానికులు తోలుని బొచ్చు లోపలికి ఉండేలా కప్పుకునేవారు. ఒకటి రెండు చలికాలాలు ఒంటికి రాసుకుని పైనున్న ముతక వెంట్రుక రాలిపోయేది, టోపీకి పనికొచ్చే మెత్తటి నూగు మిగిలేది. అందుకే వాడిన తోలుకి గిరాకీ. మంచి బీవర్ తోలు ఒకటే వాళ్ళ నాణెం, కెటిలైనా కంబళైనా ఇన్ని తోళ్ళని బేరం. ఇక దొరల బతుకంటారా, మంచులో నడిచే చెప్పులు అల్లిందీ, వేట మాంసం తెచ్చిందీ, దారి చూపిందీ స్థానికులే, అందులోనూ ఆడవాళ్ళు. పిల్లలకి కథ అక్కడినుంచే మొదలుపెట్టాలని నా ఉద్దేశం. చాలా, ఇంకేమైనా కావాలా?

ఇప్పుడు నా కబురు. తీరా ఉత్తరం ముగించబోతుంటే మేనేజరు పిలిచి చెప్పాడు, వచ్చే వారం వీడియోలో ఇంకొందరిని చూస్తారట, ఇండియా వాళ్ళు కూడా ఉన్నారట. దొరికితే నెలాఖరుకి దింపుతారు. ఆ మనిషికి రెండు రోజులు పని అప్పగించి నేను విమానం ఎక్కచ్చు. రాజనర్సు విని, "దేవుడు సల్లగ సూడాలె మేడం, ఖుషీగ పోన్రి" అన్నాడు. పరాయివాడు అన్న ఆ మాట మీ నోట రాలేదు. నేనొస్తే మీకు సంతోషమేనా? సూటిగా చెప్పమన్నారుగా, మీరూ సూటిగా చెప్పండి.

శకుంతల

కాకినాడ
నవంబరు 23

ప్రియమైన శకుంతలా,

నువ్వన్నది నిజం, అది ప్రశ్నపత్రమే. జవాబులు నువ్వు రాశావు, మార్కులు నాకు పడ్డాయి. మీ మేనేజరు వీడియోలో అడిగినవాటికి నువ్వు పళ్ళు కొరుక్కుంటూ రాసిందే అప్పజెప్పాను. నీ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది కాబట్టి మనం మొగుడూ పెళ్ళాలమని ఆయనకి అనుమానం రాలేదు. నిన్న వీసా వచ్చింది.

మా కాలేజీలో జూన్ నుంచి చరిత్ర ఎత్తేశారు, చేరే పిల్లలు లేరని. నన్నూ పంపేశారు. నీకు చెబితే ఏమంటావో నాకు తెలుసు. మీరు కంగారు పడకండి, నేను ఇంకో రెండేళ్ళు ఉంటాను అంటావు. నువ్వు ఆ మాట అనకూడదనే చెప్పలేదు. నీమీద అరిచిన అరుపుల్లో సగం ఆ కాలేజీ మీదివి.

అమ్ము పరీక్షలయ్యేదాకా దాన్ని బడి మార్చలేం. లెక్కలు నాకు రావు, నీకు వచ్చు. దాని దగ్గర ఉండాల్సింది నువ్వే. అమ్మ వస్తుంటే నాన్న వెళ్ళిపోతాడా అని అది జడ వేయించుకోకుండానే బడికి వెళ్ళిపోయింది. నేను బయల్దేరిన దగ్గర్నుంచి నువ్వు ఇల్లు చేరేదాకా మీ మమతక్క దాని దగ్గర ఉంటుంది.

సంతోషమేనా అని అడిగావు. సంతోషమే శకూ. నువ్వు మన ఇంట్లో తిరుగుతావు, అది చూడటానికి నేను ఉండను. అందుకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదు.

శుక్రవారం ఉదయం దిగుతున్నాను. ఇచ్చింది రెండు రోజులు. పని అప్పగించడానికి ఒక పూట చాలు, తోళ్ళ సంగతి నాకు వచ్చేసింది. మిగతా వేళంతా మనది. విమానాశ్రయానికి రా. తిట్టాలనుంటే అక్కడే అందరి ముందూ తిట్టెయ్యి, గదిదాకా ఆపుకోకు.

నీ బదులు మనిషి,
కామేశ్వరరావు