నా పేరు పెట్టిన కోపు

మస్తానన్నా,

నువ్వు ముందుండి ఆడించిన మన కోలాటం, నువ్వు పోయినాక ఆగింది గదా, మళ్లీ మొదలైంది. ఈసారి ఆడేది అందరూ ఆడవాళ్లే. తిరునాళ్ల దగ్గరపడింది గానీ, ఒక చుట్టులో మాత్రం రోజూ అడుగు తప్పి కోలలు వేళ్లకు తగులుతున్నాయి. ఏ కోపు అడుగులు వెయ్యాలో పేరు పెట్టి పిలిచే లచ్చిమి, అర్ధవీడు నుంచి మన ఊరికి వచ్చిన కోడలు, నన్ను అడిగింది.

"తాతా, అందరూ కుడికి పోతా ఉన్నట్టుండి ఎడమకు తిరుగుతారే, ఆ కోపు పేరేంది? పేరు లేకుంటే ఎట్ల పిలిచేది?"

సిగ్గేసింది. మెల్లగా చెప్పాను.

"గట్టిగా చెప్పు తాతా!"

"ఓబులేసు."

"నీ పేరు గాదు, కోపు పేరు!"

"అదేనమ్మా. నేను తప్పి ఎడమకు తిరిగితే మస్తానన్న తిట్టలే. అందర్నీ అట్లే తిరగమని, దానికి నా పేరే పెట్టినాడు."

"ఎంత మంచి తప్పు చేసినావు తాతా!" అని అందరూ నవ్వారు. ఈసారి అడుగు మారకముందే లచ్చిమి నా పేరు కేకేసింది. అందరూ ఒక్కటిగా ఎడమకు తిరిగారు. ఒక్క వేలికీ దెబ్బ తగల్లేదు.

ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒకటే ఆలోచన. ఎవరు తడబడితే వాళ్ల పేరు కోపుకు పెట్టేవాడివి. నీ పేరుతో మాత్రం ఒక్కటీ లేదు. నువ్వెప్పుడూ తడబడలేదా అన్నా, లేక నువ్వు తడబడినప్పుడల్లా మేమూ నీ వెంటే తిరిగామా?

ఓబులేసు