'అన్' లేని చోట

అక్కా,

నీ మరిది స్కానింగ్ రిపోర్టు వచ్చింది. కాలేయం అన్‌రిమార్కబుల్, కిడ్నీలు అన్‌రిమార్కబుల్ అని రాశారు. బాగా రాసిన పిల్లల పేపరు మీద నేను 'రిమార్కబుల్' అని పెడతాను కదా. ముందు 'అన్' చేరితే అర్థం తిరగబడుతుందని పాఠం చెప్పేదాన్నీ నేనే. అన్నీ చెడిపోయాయనుకుని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊపిరితిత్తుల దగ్గర మాత్రం 'అన్' లేదు. అవైనా బాగున్నాయని ఆయనకు ధైర్యం చెప్పాను.

బయట నర్సుకు ఈ మాటే చెబితే నవ్వింది. "అన్ ఉంటే భయం లేదమ్మా. అక్కడ చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదని అర్థం" అంది.

నేనూ నవ్వేస్తూ మంచం దగ్గరికి వచ్చాను. ఆయన దగ్గుతూనే, "ఊపిరితిత్తులు బాగున్నాయన్నావుగా?" అన్నారు.

మంచినీళ్లు తెస్తానని బయటికొచ్చి ఇది రాస్తున్నాను. లోపలికి వెళ్లలేకపోతున్నాను. రావే అక్కా.

నీ చెల్లి