బియ్యం డబ్బా వెనక పుస్తకం

శామీర్‌పేట, బుధవారం

శైలజక్కా, మేం మంచిగనే ఉన్నం.

మా ఆయన బియ్యం డబ్బా వెనక ఒక పుస్తకం దాచి చదువుతున్నడు. ఆలుమగల మనసుకు తగిలిన దెబ్బ ఎట్ల మాన్పుకోవాలో అందులో రాసి ఉంది. అట్టకేసింది మనింటి క్యాలెండర్ కాగితమే. గ్యాస్ బండ వచ్చిన తారీఖుకు అమ్మ చుట్టిన సున్నా కనిపిస్తాంది. ఇచ్చింది నువ్వేనా? కడుపు పోయినంక నేను తింటలేనని నువ్వే చెప్పినవా?

ఆదివారం చెరువు నుంచి వచ్చి, "తప్పు నీది గాదే. నువ్వు తింటెనే నేను తింట" అన్నడు. ఎన్నడూ గిట్ల అననోడు! ఆ మాట పుస్తకంలోదేమోనని, ఆయన వలకు పోయినంక ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదువుతూ వెతుకుతున్న. సగమైంది, ఇంకా దొరకలే.

ఎండుచేపలు అందినయా? అమ్మ మోకాళ్లు ఎట్లున్నయి? అందరికీ దండాలు.

నువ్వు ముందే చదివి ఉంటవు. ఆ మాట అందులో ఉంటే మాత్రం నాకు రాయకు.

నీ చెల్లె రోజారాణి