గంటంపావు దూరంలో అక్క

ఆగస్టు 4
అక్కకి గుండె ఆపరేషన్‌ట. ఎల్లుండి పొద్దున పదకొండింటికి. అక్క కూతురు ఫోన్‌లో చెప్పింది. చెబుతూ ఏడవలేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

అదే రోజు, సాయంత్రం
ఆపరేషన్‌కి ముందు ఆడవాళ్ళకి రెండు జడలు వేస్తారట, జుట్టు అడ్డం రాకుండా. అక్క నర్సుని తల ముట్టుకోనివ్వడం లేదట. మా చెల్లి వచ్చి వేస్తుంది, అప్పటిదాకా ఎవరూ దువ్వెన పట్టుకోవద్దని భీష్మించుకు కూర్చుందట. అమ్మ పోయిన దగ్గర్నుంచీ అక్క తల నేను దువ్వేదాన్ని, నా తల అక్క. పెళ్ళిళ్ళయ్యాక కూడా ఎప్పుడు కలిసినా ముందు అదే పని.
రైలుకి టికెట్లు లేవు. అల్లుడు విమానం అన్నాడు. నేనెప్పుడూ విమానం ఎక్కలేదు.

ఆగస్టు 5
రైలు దారి తొమ్మిది వందల కిలోమీటర్లట. విమానానికి ఆరొందలేనట. మిగతా మూడొందలు ఏమయ్యాయని అడిగాను. పైన మలుపులుండవు అత్తయ్యా అన్నాడు అల్లుడు. మలుపుల్లేకపోతే ఎదురుగా ఇంకోటి వస్తే ఎటు తప్పుకుంటుంది? అతను నవ్వుతూ లేచి వెళ్ళిపోయాడు.
ప్రయాణం మాత్రం గంటంపావేనట. వెంటనే అక్కకి ఫోన్ చేశాను. ఏడున్నరకి విమానం, పావు తక్కువ తొమ్మిదికల్లా నీ తల దువ్వుతుంటానన్నాను. అది విని అల్లుడు నెత్తి పట్టుకున్నాడు. విమానం ఆస్పత్రి గుమ్మంలో దిగదు అత్తయ్యా, అక్కణ్ణుంచి టాక్సీలో ఇంకో గంట అన్నాడు. ఆ మాట ముందే చెప్పొచ్చుగా.

ఆగస్టు 6, పొద్దున, ఎయిర్‌పోర్ట్
చెకింగ్‌లో నూనె సీసా తీసేసుకున్నారు. సగం కూడా లేదు. దువ్వెన వదిలారు.

ఎనిమిదింటికి
వానట. లేట్. ఎంత లేటో చెప్పరు. పక్క కుర్చీ పెద్దమనిషి ఇవన్నీ మామూలే, ఒక్కోసారి క్యాన్సిల్ కూడా చేస్తారు అన్నాడు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం.

ఇంకా ఇక్కడే
అక్క కూతురికి చేశాను. అమ్మ గుమ్మంవైపే చూస్తోంది పిన్నీ అంది. నర్సుతోనే వేయించెయ్యమన్నాను. చెప్పి చూసిందట. గంటంపావులో వస్తానంది, ఆ మాత్రం ఆగలేరా అని అక్క వాళ్ళనే కసురుతోందట. ఆ మాట అన్న నా నోరు పడిపోను.

పైన
కిందికి చూడలేదు. ఇప్పటివరకు ఎదురుగా ఏదీ రాలేదు.

మధ్యాహ్నం
పదకొండు కావస్తుండగా లిఫ్ట్ దగ్గర దొరికింది అక్క. స్ట్రెచర్ మీద, జుట్టు విరబోసుకుని. రెండే నిమిషాలమ్మా అని, తోసే అతను మొహం అటు తిప్పుకున్నాడు. గబగబా పాయలు తీసి అల్లేశాను. ఒక జడ లావు, ఒకటి సన్నం. నెమ్మదిగా కానీవే, ఇప్పుడు తొందరేముంది అంది అక్క. తలుపులు మూసేశారు. దువ్వెనకి అక్క వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. తియ్యలేదు.

సాయంత్రం
మూడు గంటల పని అన్నారు. ఎప్పుడో దాటిపోయింది. వీళ్ళూ అంతే, ఎంత లేటో చెప్పరు.

ఆగస్టు 7
అక్క కళ్ళు తెరిచింది. నావైపు చూడకుండా జడ తడుముకుంది. ఎడమది వంకరగా ఉంది, మళ్ళీ వెయ్యమంది.